తే ఉన్నచోట విల్ రాదు: ఇంగ్లీష్ ఫస్ట్ కండిషనల్‌ని తెలుగులోంచి పట్టుకోవడం ఎలా

మా అక్క కూతురు పదో తరగతి. మొన్న ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇంగ్లీష్ గ్రామర్ ఎక్సర్‌సైజ్ చేస్తోంది, నేను పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నా. "పిన్నీ, ఇది కరెక్టేనా చూడవా" అని నోట్సు నా వైపు జరిపింది. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్, ఐ విల్ నాట్ గో టు స్కూల్" అని రాసింది. మరి రూల్ ఏంటో తెలుసా అంటే తెలుసు, "ఇఫ్ క్లాజ్‌లో సింపుల్ ప్రెజెంట్, మెయిన్ క్లాజ్‌లో విల్ ప్లస్ వి వన్" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది (వి వన్ అంటే గో, కమ్ లాంటి వెర్బ్ అసలు రూపం). రూల్ నోటికొచ్చు, చెయ్యి మాత్రం రెండు చోట్లా విల్ రాసేసింది. ఎందుకు రాశావంటే "రేపటి సంగతి కదా పిన్నీ, ఫ్యూచర్ కదా" అంది.

సరే ఇదే మాట తెలుగులో చెప్పమన్నా. "వానొస్తే స్కూలుకెళ్ళను" అంది. "వాన వస్తుంది అయితే స్కూలుకెళ్ళను అని ఎందుకనలేదు, అది కూడా రేపటి సంగతే కదా" అని అడిగా. "అలా ఎవరంటారు పిన్నీ" అని ఒక్క క్షణం ఆగి, నోట్సు వెనక్కి లాక్కుని, రబ్బరు తీసి మొదటి విల్ తనే చెరిపేసింది. రెయిన్ పక్కన ఎస్ కూడా తనే పెట్టింది.

ఇలా ముందు ముందు ఇది జరిగితే అది జరుగుతుంది అని ఇఫ్‌తో చెప్పే వాక్యాన్నే ఫస్ట్ కండిషనల్ అంటారు. నాకు తెలిసి దాన్ని తెలుగువాళ్ళకి నేర్పడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మనం దాన్ని కొత్త రూల్ లాగా బట్టీ పడతాం కానీ ఆ రూల్ మన నోట్లో ఎప్పట్నుంచో ఉంది. వస్తే, పడితే, ఉంటే, తింటే, దొరికితే, ఇలా చివర తే ఉన్న మాటలో కాలం ఉండదు. నిన్నా లేదు, రేపూ లేదు, ఉత్తి షరతు అంతే. రేపటి సంగతి అంతా వాక్యం చివరి మాట మోస్తుంది, వస్తా, వెళ్తాం, ఇస్తాడు, పోతుంది. ఇంగ్లీష్ వాళ్ళు కూడా అదే చేస్తారు, ఇఫ్ ఉన్న ముక్కలో ఫ్యూచర్ పెట్టరు, మామూలు ప్రెజెంట్‌తో సరిపెట్టి, విల్ అనేది అవతలి ముక్కలో పెడతారు. కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే, తెలుగులో తే ఉన్నచోట ఇఫ్ ప్లస్ ప్రెజెంట్, తెలుగులో తా ఉన్నచోట విల్.

టికెట్ కన్ఫర్మ్ అయితే సంక్రాంతికి వస్తా.
"ఇఫ్ మై టికెట్ గెట్స్ కన్ఫర్మ్డ్, ఐ విల్ కమ్ ఫర్ సంక్రాంతి."

బస్సు దొరక్కపోతే ఆటోలో వెళ్తాం.
"ఇఫ్ వి డోంట్ గెట్ ఎ బస్, వి విల్ గో బై ఆటో."

నువ్వు త్వరగా పడుకుంటే పొద్దున్నే లేపుతా.
"ఇఫ్ యు స్లీప్ అర్లీ, ఐ విల్ వేక్ యు అప్ అర్లీ ఇన్ ది మార్నింగ్."

ఇప్పుడు తే మనల్ని మోసం చేసే చోటు ఒకటుంది, అది ముందే చెప్పాలి. వాడొస్తే, ఆవిడొస్తే, మీరొస్తే, వాళ్ళొస్తే, నేనొస్తే, అందరికీ ఒకటే మాట, తే మనిషిని బట్టి మారదు. ఇంగ్లీష్‌లో ప్రెజెంట్ మారుతుంది, హి, షి, ఇట్ వచ్చినప్పుడు వెర్బ్‌కి ఎస్ తగలాలి. అందుకే మనవాళ్ళ నోట "ఇఫ్ మై మేనేజర్ అప్రూవ్, ఐ విల్ టేక్ లీవ్" అని తరచూ వినిపిస్తుంది. విల్ తీసేయడం వరకు బాగానే చేస్తారు, తీసేశాక ఎస్ పెట్టడం మర్చిపోతారు. "ఇఫ్ మై మేనేజర్ అప్రూవ్స్" అనాలి. విల్ తీసిన ప్రతిసారీ ఆ ఖాళీలో ఎస్ కావాలా వద్దా అని ఒక్క సెకను చూసుకుంటే చాలు. అమెరికా వెళ్ళి సిటిజన్‌షిప్ కోసం చదువుకునే మనవాళ్ళకి ఒకచోట అనుమానం వస్తుంది, 1787లో రాసిన వాళ్ళ రాజ్యాంగంలో ప్రెసిడెంట్ గురించి "ఇఫ్ హి అప్రూవ్ హి షల్ సైన్ ఇట్" అని ఎస్ లేకుండానే ఉంటుంది. అది తప్పు కాదు, అప్పటి ఇంగ్లీష్‌లో ఇఫ్ తర్వాత అలా రాసేవాళ్ళు. ఇప్పుడు మనం మాట్లాడేదాంట్లో, రాసేదాంట్లో ఎస్ ఉండాల్సిందే.

ఉంటే అనే మాట దగ్గర ఇంకాస్త ఆగాలి. తెలుగులో అన్నిటికీ ఉంటే ఒక్కటే, ఇంగ్లీష్‌లో అది మూడు రకాలుగా చీలిపోతుంది. నువ్వు ఖాళీగా ఉంటే అంటే "ఇఫ్ యు ఆర్ ఫ్రీ". నీకు టైం ఉంటే అంటే "ఇఫ్ యు హావ్ టైం". దారిలో ట్రాఫిక్ ఉంటే అంటే "ఇఫ్ దేర్ ఈజ్ ట్రాఫిక్". మనిషి ఎలా ఉన్నాడు, ఎక్కడున్నాడు అనేదైతే ఆర్, ఈజ్. మనిషి దగ్గర ఏదో ఉండటమైతే హావ్, హాజ్. ఎక్కడో ఏదో ఉండటమైతే దేర్ ఈజ్. "ఇఫ్ ట్రాఫిక్ ఈజ్ దేర్ ఐ విల్ బి లేట్" అంటే మన ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది, కానీ బయటివాళ్ళకి కాస్త తేడాగా వినిపిస్తుంది, "ఇఫ్ దేర్ ఈజ్ ట్రాఫిక్" అని తిప్పి చెప్పడం అలవాటు చేసుకోండి.

తర్వాత చిక్కు తా దగ్గర. మన తా రెండు పనులు చేస్తుంది. రోజూ ఆరింటికి లేస్తా అంటే అలవాటు, రేపు ఆరింటికి లేస్తా అంటే ఫ్యూచర్, మాట మాత్రం ఒకటే. ఇంగ్లీష్‌లో అలవాటుకి, ఎప్పుడూ జరిగేదానికి విల్ పెట్టాల్సిన పని లేదు, రెండు వైపులా ప్రెజెంటే, దాన్నే జీరో కండిషనల్ అంటారు. వంటింట్లోంచే చూద్దాం. పాలు బయట పెడితే విరిగిపోతాయి అని మామూలుగా ఎవరికో చెప్తున్నామనుకోండి, అది ఏ పాలకైనా వర్తించేది, "ఇఫ్ యు లీవ్ మిల్క్ అవుట్, ఇట్ స్పాయిల్స్". అదే గట్టు మీద గిన్నె చూసి, ఈ పాలు బయటే వదిలేస్తే విరిగిపోతాయి, ఫ్రిజ్‌లో పెట్టు అంటున్నామనుకోండి, అది ఈ గిన్నె గురించి, ఈ పూట గురించి, "ఇఫ్ యు లీవ్ దిస్ మిల్క్ అవుట్, ఇట్ విల్ స్పాయిల్". అనుమానం వస్తే వాక్యంలో ఎప్పుడైనా సరే అనే మాట దూర్చి చూడండి, ఈసారి అనే మాట దూర్చి చూడండి. ఎప్పుడైనా సరే అనేది కుదిరితే జీరో, ఈసారి అనేది కుదిరితే ఫస్ట్. రెండూ కుదిరితే ఏది వాడినా పెద్దగా పోయేదేం లేదు.

అలాగే అన్ని తే లూ ఫస్ట్ కండిషనల్ కావు, వాక్యం చివర చూడాలి. కారుంటే రోజూ మీ ఇంటికి వచ్చేదాన్ని అన్నామంటే కారు లేదు అని అర్థం, అది "ఇఫ్ ఐ హాడ్ ఎ కార్, ఐ వుడ్ కమ్ టు యువర్ హౌస్ ఎవ్రీ డే". ముందే చెప్పి ఉంటే వచ్చేదాన్ని అంటే నువ్వు చెప్పలేదు, నేను రాలేదు, అయిపోయింది, "ఇఫ్ యు హాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్". చివర వాణ్ణి, దాన్ని, వాళ్ళం లాంటివి కనిపిస్తే వుడ్ బాపతు, తా, తాం, తాడు, తుంది కనిపిస్తే విల్ బాపతు. స్కూల్లో టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ అని మూడు టేబుల్స్ గీసి చెప్తారు, నేను అవి ఎన్నిసార్లు చదివినా పరీక్ష అయిన మర్నాటికి కలిసిపోయేవి, వాక్యం చివర చూడటం మొదలెట్టాకే విడివిడిగా కనిపించాయి.

ఇప్పుడు అసలు డబ్బు నష్టం దాకా వెళ్ళే తప్పు. మన తేనే. పాత ఆఫీసులో మా టీంలో ఒకతను క్లయింట్‌కి మెయిల్ రాశాడు, 50 శాతం అడ్వాన్స్ కడితేనే పని మొదలుపెడతాం అనేది అతని మనసులో మాట. రాసింది "ఇఫ్ యు పే 50 పర్సెంట్ ఓన్లీ, వి విల్ స్టార్ట్ ది వర్క్". మనం చదివితే మనకి సరిగ్గానే అర్థమవుతుంది ఎందుకంటే లోపల తెలుగు వినిపిస్తుంది. అవతలి వాళ్ళు మాత్రం, ఓహో 50 శాతం మాత్రమే కడితే చాలన్నమాట, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అన్నట్టు తీసుకున్నారు. మళ్ళీ రెండు మెయిల్స్, ఒక కాల్ అయితే కానీ సర్దుకోలేదు. తేనే కి ఇంగ్లీష్‌లో ఓన్లీ అనేది ఇఫ్ కి ముందు వస్తుంది, వెనక రాదు. "వి విల్ స్టార్ట్ ది వర్క్ ఓన్లీ ఇఫ్ యు పే 50 పర్సెంట్ ఇన్ అడ్వాన్స్." పైగా ఈ ఓన్లీ ఇఫ్ ముక్కని వాక్యం రెండో సగంలో పెట్టండి, మొదట్లో పెడితే అవతల విల్ ముందుకి జరగాలి, "ఓన్లీ ఇఫ్ యు పే విల్ వి స్టార్ట్" అని, అది పుస్తకాల భాష, ఆ తలనొప్పి మనకొద్దు. నువ్వొస్తేనే నేనొస్తా అనేది "ఐ విల్ కమ్ ఓన్లీ ఇఫ్ యు కమ్". మనవాళ్ళు "ఇఫ్ యు కమ్ దెన్ ఓన్లీ ఐ విల్ కమ్" అంటారు, ఇకనుంచి దాన్ని మానేయండి.

తేనే కి అన్నదమ్ముడు లాంటిది ఇనా. వర్షం పడితే రాను, వర్షం పడినా వస్తా. ఒక్క అక్షరంలో అర్థం తిరగబడింది కదా, ఈ పడినా కి ఇంగ్లీష్‌లో ఈవెన్ ఇఫ్. "ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ కమ్." మనం కూడా అనే మాటని పట్టుకొచ్చి "ఇఫ్ ఇట్ రెయిన్స్ ఆల్సో ఐ విల్ కమ్" అంటాం, పడినా కూడా వస్తా అనేది లోపల మోగుతుంటుంది కాబట్టి. ఆల్సో అక్కడ పనికిరాదు. ఇనా వినపడగానే ఈవెన్ ఇఫ్ గుర్తు రావాలి, విల్ సంగతి మాత్రం మామూలే, ఈవెన్ ఇఫ్ వైపు విల్ రాదు.

అన్‌లెస్ దగ్గర చాలామంది తడబడతారు, నిజానికి మనకి అది ఇంగ్లీష్ వాళ్ళకంటే బాగా రావాలి. నువ్వొస్తే తప్ప నేను వెళ్ళను. ఇందులో వస్తే అనేది పాజిటివ్, రాకపోతే తప్ప అనం కదా. అన్‌లెస్ కూడా అంతే, దాని పక్కన నాట్ రాదు. "ఐ వోంట్ గో అన్‌లెస్ యు కమ్." "అన్‌లెస్ యు డోంట్ కమ్" అంటే తప్పు, అర్థం తల్లకిందులవుతుంది. తే తప్ప అని తెలుగులో అనగలిగితే అన్‌లెస్ వాడండి, రాకపోతే అని అనాలనిపిస్తే "ఇఫ్ యు డోంట్ కమ్" వాడండి, రెండిట్నీ కలిపేయకండి. అడగందే అమ్మైనా పెట్టదు అని ఇంట్లో అంటుంటారు కదా, ఆ అందే కూడా అన్‌లెస్సే. "ఈవెన్ యువర్ మదర్ వోంట్ ఫీడ్ యు అన్‌లెస్ యు ఆస్క్." సంతకం పెట్టందే ఫైల్ కదలదు, "ది ఫైల్ వోంట్ మూవ్ అన్‌లెస్ హి సైన్స్ ఇట్". ఇక్కడ కూడా సైన్స్ అని ఎస్ ఉంది, గమనించారా.

నెగెటివ్‌లో నాకు బాగా ఇష్టమైన జంట ఒకటుంది, రాకపోతే, రానంటే. వాడు రాకపోతే అంటే ఏదో కారణంగా రాలేదు, బస్సు తప్పిపోయిందో, పనిపడిందో, అది "ఇఫ్ హి డజంట్ కమ్". వాడు రానంటే, మొండికేస్తే, అది "ఇఫ్ హి వోంట్ కమ్". అవును, ఇక్కడ ఇఫ్ పక్కన వోంట్ కరెక్టే, ఎందుకంటే ఆ వోంట్‌లో ఉన్నది రేపటి సంగతి కాదు, ఒప్పుకోకపోవడం. పిల్లాడు అన్నం తిననంటే ఏం చెయ్యాలి అని డాక్టర్‌ని అడగాలంటే "వాట్ షుడ్ ఐ డు ఇఫ్ హి వోంట్ ఈట్" అనే అడగాలి. అందుకని ఇఫ్ తర్వాత విల్ ఎప్పుడూ రానే రాదు అని పిల్లలకి చెప్పేవాళ్ళతో నేను ఒప్పుకోను, అలా చెప్తే ఇలాంటి సరైన వాక్యాలని కూడా వాళ్ళు కొట్టేస్తారు. మర్యాదగా అడిగేటప్పుడు కూడా విల్ వస్తుంది, మీరిక్కడ కాస్త కూర్చుంటే సార్‌ని పిలుస్తానండీ, "ఇఫ్ యు విల్ సిట్ హియర్ ఫర్ ఎ మినిట్, ఐ విల్ కాల్ హిమ్". అది దయచేసి కూర్చోండి అనే అర్థంలో. అద్దె అగ్రిమెంట్లలో "ఇఫ్ ది టెనెంట్ షల్ ఫెయిల్ టు పే" లాంటివి కనిపిస్తాయి, అది లాయర్ల పాత భాష, దాన్ని చూసి మనం నేర్చుకోకూడదు.

ఇంకొక చోట కూడా ఇఫ్ పక్కన విల్ దర్జాగా కూర్చుంటుంది, అక్కడ చాలామంది ఫస్ట్ కండిషనల్ రూల్ గుర్తొచ్చి దాన్ని తీసేసి తప్పు చేస్తారు. వాడొస్తాడో రాడో తెలీదు. "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్." ఇక్కడ షరతే లేదు, అనుమానం ఉంది. తెలుగులో తే లేదు చూడండి, డో డో ఉంది. తే కనిపిస్తే విల్ తీసెయ్యండి, డో కనిపిస్తే విల్ ఉంచండి. షాపు తెరిచి ఉంటుందో లేదో కనుక్కో, "ఫైండ్ అవుట్ ఇఫ్ ది షాప్ విల్ బి ఓపెన్". షాపు తెరిచి ఉంటే పాలు తీసుకురా, "ఇఫ్ ది షాప్ ఈజ్ ఓపెన్, గెట్ సమ్ మిల్క్". పక్కపక్కన పెట్టి రెండుసార్లు పైకి చదివితే తేడా చెవికి తగులుతుంది.

ఒకవేళ అనే మాట కూడా మనల్ని ఇబ్బంది పెడుతుంది. తెలుగులో ఒకవేళ వస్తే అని రెండూ కలిపి వాడతాం, ఒకవేళ ముందూ, తే వెనకా. అదే అలవాటుతో "ఇఫ్ సపోజ్ హి కమ్స్" అంటాం. ఇఫ్ ఒక్కటే చాలు, ఒకవేళ కీ తే కీ రెండిటికీ అదే సరిపోతుంది. "ఇఫ్ ఇన్ కేస్" అనేదీ ఇదే బాపతు, దాన్నీ వదిలెయ్యండి. ఇంకోటి అంటే. వాడొచ్చాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడు అంటాం, ఇక్కడ వచ్చాడు అని భూతకాలం లాగా ఉన్నా అర్థం వస్తే అనే. దీన్ని పట్టుకుని "ఇఫ్ హి కమ్స్ మీన్స్" అని మీన్స్ తగిలిస్తారు కొందరు, "ఇఫ్ హి కేమ్" అని పాస్ట్ పెడతారు కొందరు. రెండూ వద్దు, "ఇఫ్ హి కమ్స్, హి విల్ టర్న్ ది హౌస్ అప్‌సైడ్ డౌన్". అంటే తో వాక్యం వస్తే ముందు దాన్ని మనసులో తే లోకి మార్చుకోండి, తర్వాత ఇంగ్లీష్‌లోకి వెళ్ళండి.

తే అంటే ఎప్పుడూ ఇఫ్ అనుకున్నా దెబ్బతింటాం. తెల్లారితే పెళ్ళి అంటాం, తెల్లారుతుందా లేదా అనే అనుమానం ఎవరికీ లేదు. సాయంత్రమైతే దోమలొస్తాయి, ఎండాకాలం వస్తే మామిడికాయలొస్తాయి, ఇవన్నీ ఖాయంగా జరిగేవి, వీటికి ఇంగ్లీష్‌లో వెన్ కావాలి. "వెన్ సమ్మర్ కమ్స్, వి విల్ మేక్ ఆవకాయ." ఇఫ్ సమ్మర్ కమ్స్ అంటే ఈసారి ఎండాకాలం వస్తుందో రాదో అన్నట్టుంటుంది. ముఖ్యంగా ఇంట్లోవాళ్ళ గురించి చెప్పేటప్పుడు చూసుకోండి, నాన్న ఆఫీసు నుంచి వస్తే చెప్తా అన్నది ఫోన్లో ఇంగ్లీష్‌లో చెప్పాల్సి వస్తే, ఆయన ఎలాగూ వస్తారు కాబట్టి "వెన్ హి కమ్స్ హోమ్, ఐ విల్ టెల్ హిమ్". ఇఫ్ అంటే ఆయన ఇంటికి రావడమే అనుమానం అయిపోతుంది. ఖాయమైతే వెన్, అనుమానమైతే ఇఫ్, తెలుగు తే ఈ రెండిట్నీ వేరు చెయ్యదు కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి.

వెన్ తో పాటు ఇంకొన్ని మాటలకి కూడా ఇదే రూల్, వీటికి విడిగా పాఠం అక్కర్లేదు. రాగానే అంటే యాజ్ సూన్ యాజ్, వచ్చాక అంటే ఆఫ్టర్, వచ్చేలోపు అంటే బిఫోర్, వచ్చేదాకా అంటే అంటిల్. తెలుగులో వీటిలో దేంట్లోనూ తా లేదు, ఇంగ్లీష్‌లోనూ విల్ లేదు. "యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్, ఐ విల్ కాల్ యు." "ఐ విల్ వెయిట్ అంటిల్ యు కమ్." రానంతవరకు అనే మాట గుర్తొచ్చి "అంటిల్ యు డోంట్ కమ్" అనకండి, అంటిల్‌కి కూడా అన్‌లెస్ లాగే పక్కన నాట్ పడదు.

ఎందుకైనా మంచిది అని మనం అనే మాటకి ఇన్ కేస్ సరిగ్గా అతుకుతుంది. వర్షం పడుతుందేమో, ఎందుకైనా మంచిదని గొడుగు తీసుకెళ్తా, "ఐ విల్ టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్", అంటే ఇప్పుడే గొడుగు పట్టుకుని బయల్దేరుతున్నా. వర్షం పడితే గొడుగు తీసుకెళ్తా, "ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ టేక్ యాన్ అంబ్రెల్లా", అంటే పడేదాకా గొడుగు ముట్టుకోను. రెండు చోట్లా రెయిన్స్ అనే ఉంటుంది, విల్ రెయిన్ కాదు.

ఇక అవతలి ముక్క సంగతి. అక్కడ ఎప్పుడూ విల్లే ఉండాలని లేదు. తా బదులు మనం తెలుగులో ఏం వాడితే దానికి తగ్గది పెట్టాలి. ఖాళీ ఉంటే రా, "ఇఫ్ యు ఆర్ ఫ్రీ, కమ్". త్వరగా అయిపోతే వెళ్ళిపోవచ్చు, "ఇఫ్ యు ఫినిష్ అర్లీ, యు కెన్ లీవ్". మబ్బు పట్టింది, వాన పడితే కరెంటు పోవచ్చు, "ఇఫ్ ఇట్ రెయిన్స్, ది పవర్ మే గో". జ్వరం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి, "ఇఫ్ ది ఫీవర్ డజంట్ కమ్ డౌన్, యు షుడ్ సీ ఎ డాక్టర్". ఆఫీసు మెయిల్స్‌లో ఇవే ఎక్కువ పనికొస్తాయి, "ఇఫ్ యు హావ్ ఎనీ క్వశ్చన్స్, ప్లీజ్ లెట్ మి నో", "ఇఫ్ యు సెండ్ మి ది ఫైల్ బై ఫైవ్, ఐ విల్ ఫినిష్ ఇట్ టుడే". కొన్ని మెయిల్స్‌లో "షుడ్ యు నీడ్ ఎనీథింగ్" అని మొదలవుతుంది, అది కూడా మన కావలిస్తే అనే మాటే, కాస్త ఇస్త్రీ చేసిన బట్టల్లో వచ్చింది, మీరు రాయకపోయినా చదివినప్పుడు కంగారు పడకండి.

ఐఈఎల్‌టీఎస్ రాయబోయేవాళ్ళకి ఒక మాట. స్పీకింగ్ టెస్ట్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, అందులో మూడో భాగం 4, 5 నిమిషాల చర్చ, అక్కడే ముందు ముందు ఏమవుతుంది, ఇలా చేస్తే ఏమవుతుంది అనే రకం ప్రశ్నలు వచ్చే అవకాశం ఉంది. మార్కులు వేసే నాలుగు విషయాల్లో గ్రామర్ ఒకటి, దాంట్లో రకరకాల వాక్యాలు వాడగలుగుతున్నారా అనేది కూడా చూస్తారు, కాబట్టి ఇఫ్ వాక్యం సరిగ్గా పడితే మంచిది. పెద్ద పెద్ద మాటలు వెతకొద్దు, మీ ఊరి సంగతే చెప్పండి. ఎయిర్‌పోర్ట్ దాకా మెట్రో వస్తే క్యాబ్‌లు ఎక్కేవాళ్ళు తగ్గుతారు, "ఇఫ్ ది మెట్రో రీచెస్ ది ఎయిర్‌పోర్ట్, ఫ్యూయర్ పీపుల్ విల్ టేక్ క్యాబ్స్". చెరువులు పూడ్చేస్తూ పోతే ప్రతి వానకీ కాలనీలు మునుగుతాయి, "ఇఫ్ వి కీప్ ఫిల్లింగ్ అప్ ది లేక్స్, అవర్ కాలనీస్ విల్ ఫ్లడ్ ఎవ్రీ టైం ఇట్ రెయిన్స్". మీకు నిజంగా తెలిసిన సంగతి అయితే మాట తడబడదు, గ్రామర్ మీద పెట్టడానికి కాస్త ఊపిరి మిగులుతుంది. మాట్లాడేటప్పుడు ఐ విల్ ని ఐల్ అని, వి విల్ ని వీల్ అని కలిపేస్తే వినడానికి తేలిగ్గా ఉంటుంది, కానీ అది రాకపోయినా తప్పేం కాదు.

కామా గురించి రెండు ముక్కలు. ఇఫ్ ముందొస్తే మధ్యలో కామా పెట్టాలి, ఇఫ్ వెనకొస్తే అక్కర్లేదు. "ఇఫ్ యు కాల్ మి, ఐ విల్ కమ్." "ఐ విల్ కమ్ ఇఫ్ యు కాల్ మి." అంతే.

ప్రాక్టీస్‌కి గ్రామర్ పుస్తకంలో ఖాళీలు పూరించడం కంటే మీ వాట్సాప్ తెరవండి అని చెప్తా. ఇంట్లోవాళ్ళు, ఫ్రెండ్స్ తెలుగులో పెట్టిన మెసేజీల్లో తే ఉన్నవి రోజుకి అయిదు వెతకండి, ఒక్కోదాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చండి, మార్చేముందు మూడు చూసుకోండి, ఇది తే నా, తేనే నా, ఇనా నా, లేక డో నా, తర్వాత ఖాయమా అనుమానమా, ఆఖరికి హి, షి, ఇట్ ఉందా. నేను మా అక్క కూతురితో వారం రోజులు ఇదే చేయించా, మొదటి రోజు అయిదిట్లో మూడు తప్పాయి, ఎక్కువగా ఎస్ దగ్గరే, వారం తిరిగేసరికి తనే నా మెసేజీలు తీసి మార్చడం మొదలెట్టింది. మీరు కూడా మొదలుపెట్టడానికి మా అమ్మ నిన్న నాకు పెట్టిన మెసేజ్ ఇస్తున్నా. "కుదిరితే ఆదివారం రా, కుదరకపోతే ఫోనైనా చెయ్యి." దాన్ని మా పిల్ల ఇలా మార్చింది, "కమ్ ఆన్ సండే ఇఫ్ యు కెన్. ఇఫ్ యు కాంట్, ఎట్ లీస్ట్ కాల్ మి."